తమ్ముడి వీపు

మంచినీళ్ళడిగితే తుపాకీ పేలింది. నూలు మిల్లులో కుళాయి ఎండిపోయిందని కూలీలంతా గేటు ముందు కూర్చున్నారు, అంతకుమించి వాళ్ళు చేసిన పాపం లేదు. కాపలావాళ్ళు గాలిలోకి కాల్చారు. జనం చెల్లాచెదురయ్యారు. పరిగెత్తలేక పడిపోయిన ముసలి హమాలీని లేపడానికి ఒక్కడు ఆగాడు. గేటుకు వీపు పెట్టి వంగాడు. రెండో తూటా గాలిలోకి పోలేదు.

వంగినవాడి అక్క ఆ మిల్లులోనే దారం చుడుతుంది. అంతా కళ్ళారా చూసింది. 

ఆస్పత్రిలో శవాల గది ముందు మిల్లు మేనేజరు కొత్త చొక్కా పట్టుకుని ప్రత్యక్షమయ్యాడు.

"కాపలావాళ్ళ మీదికి దూకాడమ్మా. ప్రాణభయంతో కాల్చారు. జరిగిందేదో జరిగింది. ఈ చొక్కా తొడిగి, పొద్దువాలేలోగా సాగనంపండి."

"మీదికి దూకినోడికి వీపులో ఎలా తగిలింది సార్? వాడి పాత చొక్కా ఇవ్వండి."

"నెత్తుటి గుడ్డ ఎందుకమ్మా? తగలబెట్టేశారు."

పక్కనున్న, అంతకుముందు తూటాకే పోయిన బాయిలరు కార్మికుడి భార్య ఆ చొక్కాకేసి చూసి బావురుమంది. "మా ఆయనకీ ఇలాంటిదే తెచ్చారే. దూకాడనే చెప్పారు, దెబ్బ చూస్తే వీపులో. నేను దణ్ణం పెట్టి మరీ పుచ్చుకున్నాను!"

"మా అల్లుడికీ అంతే," అంది వెనకనుంచి ఇంకొకామె.

అందరూ దూకినవాళ్ళే, అందరికీ వీపులోనే. ఎవరి ఏడుపు వాళ్ళింట్లో ఏడ్చుకున్నారు కాబట్టి ఇన్నాళ్ళూ ఒకరి మాట ఒకరికి తెలియలేదు.

తెలిసి మాత్రం ఏం చేస్తారు? పోలీసులు మిల్లువాళ్ళ మనుషులే. డాక్టరు రాసేదీ వాళ్ళు చెప్పిందే. అక్కకు మిగిలింది తమ్ముడి ఒళ్ళు ఒక్కటే.

"బోర్లా పడుకోబెట్టి మోద్దాం. వీపు అందరూ చూడాలి," అంది.

"మతిగాని పోయిందా?" తమ్ముడు లేపబోయిన ముసలి హమాలీ కసిరాడు. "శవాన్ని ఎవరైనా బోర్లా మోస్తారా?"

"నేను వాడి మొహం చూసుకోవాలే," అంది తల్లి. "ఇంకెప్పుడు చూస్తాను?"

అక్క తల్లి కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చింది. "నావల్ల ఇంకేం కాదమ్మా. ఇదొక్కటే అవుతుంది."

తల్లి మంచం మీదున్న కొడుకు మొహం తడిమింది. కనుబొమలు, ముక్కు, పొద్దున్నే గీసుకున్న గడ్డం. తడిమి తడిమి, చివరికి భుజం తనే పట్టుకుంది.

"తిప్పండి."

కొత్త చొక్కా మేనేజరు చేతిలోనే ఉండిపోయింది. మంచం వీధిలోకి వచ్చింది. కొట్లు మూతపడ్డాయి. ఆడవాళ్ళు చంకలో బిడ్డలతో గుమ్మాలు దిగారు. నినాదాలు లేవు. ఆ వీపు చూసినవాళ్ళు చూసినట్టే వెనక చేరారు.

మిల్లు గేటు దగ్గర తుపాకులు మళ్ళీ లేచాయి.  వెనక్కి తిరిగినా ఏమవుతుందో మంచం మీద కనిపిస్తూనే ఉంది. ఎవరూ తిరగలేదు.

"ఆగండి! కాల్చేస్తాం!"

తల్లి ఆగలేదు. మంచం పట్టె ఒరుసుకుంటుందని కొడుకు చెంపకింద అరచెయ్యి పెట్టి, మంచంతో పాటే నడుస్తోంది.