కొండవాలులో కుంట

చెల్లెలి మొగుడు కొండవాలులో నేల కొన్నాడని తెలిసినప్పుడు అక్క పెద్దగా పట్టించుకోలేదు. అందులో బాదం తోట వేస్తాడని తెలిసినప్పుడు మాత్రం చేతిలోని కత్తెర పక్కన పెట్టి, "అక్కడా?" అంది.

ఊరి చివర మొక్కల నర్సరీ ఆమెదే. పేరుతో పనిలేకుండా అందరూ మొక్కలావిడ అనేవారు. గుప్పెడు మట్టి చేతిలోకి తీసుకుంటే అందులో ఏది బతుకుతుందో, ఏది చస్తుందో చెప్పేసేది. తల్లి పోయాక చెల్లెల్ని ఆ మొక్కల మధ్యే పెంచి, తనకు తెలిసిన పనంతా నేర్పింది. ఆ రోజుల్లో ఒక లారీ డ్రైవరు మొక్కలు తోలుకుపోవడానికి వచ్చి, ఆమె ఇచ్చిన టీ తాగుతూ పొద్దు వాలేదాకా కబుర్లు చెప్పేవాడు. ఇద్దరికీ ముడి పడుతుందని చుట్టుపక్కల వాళ్ళంతా అనుకున్నారు. ఆమె కూడా అనుకుంది. ఒకరోజు అతను నున్నగా తల దువ్వుకుని వచ్చి, "మీ చెల్లెల్ని నాకిచ్చి చెయ్యండి. పెద్దదిక్కు మీరే కదా" అన్నాడు.

ఆమె నవ్వుతూనే సరేనంది. లోపల రగిలింది మాత్రం నివురు కప్పి అలాగే దాచుకుంది.

ఇప్పుడతను లారీ వదిలేసి రైతునవుతానంటున్నాడు. "వదినా, ఒక్కసారి వచ్చి నేల చూడు. నువ్వు ఊఁ అంటే చాలు, కళ్ళు మూసుకుని దిగిపోతా" అని బతిమాలాడు. ఆమె వెళ్ళింది.

వానలు అంతంతమాత్రంగా కురిసే చోటు. వాలంతా పాలిపోయిన తెలుపు. అడుగు వేస్తే పిండిలో వేసినట్టు చెప్పులు కూరుకుపోయాయి. అక్కడక్కడ మోకాలెత్తు ముళ్ళపొదలు తప్ప పచ్చదనం లేదు. ఆమె కూర్చుని కాస్త మట్టి తడిపి ముద్ద చేసింది. ముద్ద కట్టింది. వేలితో పొడిస్తే పొడిపొడిగా రాలింది. ఇసుకపాలు ఎక్కువ. చిటికెడు నాలుక మీద వేసుకుంది. ఉప్పదనం లేదు. గడ్డపార వేయించింది. మోచేతి లోతులో తెల్లటి గట్టి పొర తగిలింది. అందులో పటికబెల్లం ముక్కల్లాంటి పలుకులు ఎండకి తళతళలాడుతున్నాయి. ఒకటి తీసి గోటితో గీకితే గీత పడింది.

జిప్సం. ఆమెకు బాగా తెలిసిన నేలే. పడుచుతనంలో ఇలాంటి కొండ మీది నర్సరీలోనే ఆమె కూలిపని చేసింది. కారే కుళాయిని ఎవరూ పట్టించుకోకపోతే, దాని కింద నేల లోలోపలే కరిగి, దూడ పడేంత గొయ్యి తేలడం కళ్ళారా చూసింది. ఈ నేలకి నీళ్ళు చుక్కచుక్కగా పొయ్యాలి. నిలవబెట్టావో, అడుగున చక్కెరలా కరిగిపోతుంది.

"ఏమంటావ్ వదినా?" అని అతను ఆత్రంగా అడిగాడు. కొండవాలులో, కాస్త కిందగా, వాళ్ళు కొత్తగా కట్టుకున్న రేకుల గది కనిపిస్తోంది. చెల్లెలు అక్కణ్ణుంచి మంచినీళ్ళ బిందెతో పైకి వచ్చి, తవ్విన గుంటలోకి ఓసారి చూసి అక్క పక్కన నిలబడింది.

అక్క చేతులు దులుపుకుంది. "బంగారంలాంటి నేల. నీళ్ళు నిలవుంటే చాలు, బాదం విరగకాస్తుంది. ఇదిగో, గదికి పైన పెద్ద కుంట తవ్వు. కొండ మీది ఊటనీళ్ళు పైపేసి అందులోకి మళ్ళించు."

"లోపల సిమెంటు చెయ్యాలా?"

"దండగ. ఈ మట్టి తడిస్తే దానంతటదే బిగుసుకుంటుంది."

చెల్లెలు బిందె ఒక చంక నుంచి ఇంకో చంకకి మార్చుకుంది. అంతే.

అతను కుంట తవ్వించాడు. నీళ్ళు నిండి నీలంగా మెరుస్తుంటే వచ్చేపోయేవాళ్ళని పిలిచి మరీ చూపించాడు. బాదం మొక్కలు చిగురేశాయి. అక్క నర్సరీలో పని చేసుకుంటూ రోజూ కొండ వైపు చూసేది. రోజులు గడుస్తున్నా కుంట చెక్కుచెదరలేదు. తన లెక్క తప్పిందేమోనని ఆమెకు బెంగ పట్టుకుంది. అన్నం సయించలేదు. మరిది మాత్రం దారిన పోతూ ఆగి, "నీ నోటిచలవే వదినా" అనేవాడు.

ఒక పొద్దున అతను గది వెనక పైపు బిగిస్తుండగా పైన నేల గుటక వేసినట్టు చప్పుడైందట. కుంట అడుగు ఊడిపోయింది. నీళ్ళన్నీ ఒక్కసారిగా వాలు లోపలి నుంచి తన్నుకొచ్చాయి. మట్టి, రాళ్ళు, మొక్కలు కలిసి వచ్చి గదిని తోసేశాయి. చెల్లెలు ఆ వేళకి సంతకి వెళ్ళింది కాబట్టి మిగిలింది. అతన్ని బయటికి లాగేసరికి రెండు కాళ్ళూ మోకాళ్ళ కింద నుజ్జునుజ్జయ్యాయి. ఆస్పత్రిలో తీసేశారు.

కబురందగానే అక్క మొహం కడుక్కుని, ఏడవడానికి సిద్ధపడి వెళ్ళింది. గుండెలో ఏదో వదులైనట్టుంది. దాన్ని సంతోషం అనుకోవడానికి కూడా ఆమె జంకలేదు. ఆస్పత్రి వరండాలో బెంచీ మీద చెల్లెలు కూర్చుని వేరుశెనగలు ఒలుచుకు తింటోంది.

"అయ్యో తల్లీ, ఎంత పని జరిగిందే!" అంటూ అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఊరుకో అక్కా. ఇక్కడెవరూ చూడట్లేదు" అంది చెల్లెలు.

అక్క చెయ్యి కొంగు మీదే ఆగిపోయింది.

"ముద్ద చేసి పొడవడం, గోటితో గీకడం నాకు నేర్పింది నువ్వే. ఆ రాయి నేనూ చూశా. ఆ నేల నాకూ తెలుసు."

"తెలిసీ... కట్టుకున్నవాడికి ఒక్క ముక్క చెప్పలేదా?"

"ఎందుకు చెప్పాలి? కూర వండితే మీ అక్క ఇలా వండదు, ఇల్లు ఊడిస్తే మీ అక్క ఇలా ఊడవదు. పెళ్ళైన మర్నాటి నుంచీ ఇదే పాట. నేనేం చెప్పినా, ఉండు మీ అక్కనడుగుతా అనేవాడు. సరే, అడగమన్నా." పొట్టు చేతిలోంచి కిందకి రాల్చింది. "నువ్వు నిజంగా అంత పని చేస్తావా అని కూడా చూద్దామనిపించింది. చేశావ్."

అక్క కొంగు దింపి వరండా అటూ ఇటూ చూసింది.

"నేను వెళ్ళిపోతున్నా. ఆయన్ని నువ్వు తీసుకెళ్ళు. ఎప్పట్నుంచో కావాలనుకున్నావుగా. తీసుకెళ్ళనంటే లోపలికెళ్ళి అంతా చెప్పేస్తా."

"చెప్తే నువ్వూ ఇరుక్కుంటావే."

"ఇరుక్కుంటే ఇరుక్కుంటా. నాకింక పోయేదేముంది?"

అలా అతను నర్సరీ వెనకగదికి చేరాడు. అక్కే కట్లు మార్చేది, అక్కే ఒళ్ళు తుడిచేది. మొదట్లో చేతులెత్తి దణ్ణం పెట్టేవాడు. రానురాను దణ్ణాలు తగ్గి అరుపులు పెరిగాయి. అన్నం చల్లారిందని, దిండు గట్టిగా ఉందని కేకలేసేవాడు. ఒకసారి ఆమె మంచం మీదికి వంగి కట్టు విప్పుతుంటే మొహం పక్కకి తిప్పుకుని, "నీ చేతులు గరుకు వదినా. దానివి మెత్తగా ఉండేవి" అన్నాడు. ఆమె కట్టు బిగించింది. కాస్త ఎక్కువే బిగించింది. అతను కెవ్వుమన్నాడు.

పైకి మాత్రం పెళ్ళాన్ని తిట్టని పూట లేదు. రాత్రంతా పైపు కట్టకుండా అదే వదిలేసి ఉంటుందని, కొంప ముంచి పోయిందని మొక్కలకు వచ్చినవాళ్ళతో చెప్పేవాడు. వాళ్ళు చెల్లెల్ని దుమ్మెత్తిపోసి, అక్క దేవతని పొగిడేవారు. అక్క తొట్లలోకి మట్టి ఎత్తుకుంటూ తల ఊపేది. మళ్ళీ అతనే గేటు చప్పుడైతే చాలు, మెడ సాచి చూసేవాడు. "అదేమైనా వచ్చిందా?" అని అడిగేవాడు. రోజూ ఇదే. ఈ గదిలో ఇంత చాకిరీ చేసినా అతను ఎదురుచూసేది ఎవరికోసమో అక్కకు అర్థమైంది.

వానాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. అవతల చెల్లెలు. ఎక్కడో టౌనులో కుట్టుపని చేసుకుంటోందట. గొంతులో ఆనాటి పొగరు లేదు.

"ఎలా ఉన్నాడక్కా?"

"ఉన్నాడు."

"నన్నెప్పుడైనా తలుచుకుంటాడా? ఒక్క మాటంటే వచ్చేస్తా. తప్పు నాదీ ఉంది."

అక్క గుమ్మంలోంచి లోపలికి చూసింది. అతను మోచేతుల మీద లేచి చెవులు రిక్కించి వింటున్నాడు.

"తలుచుకోవడమా?" అని గొంతు తగ్గించి అంది అక్క. "నీ పేరెత్తితే కంచం విసిరికొడుతున్నాడు. మొన్న నీ చీర ఒకటి దొరికితే చింపి పీలికలు చేశాడు. రాకే తల్లీ. నీ మంచి కోరి చెప్తున్నా."

అవతల కుట్టుమిషన్ల చప్పుడు వినబడింది. తర్వాత చెల్లెలు ఫోను పెట్టేసింది.

"ఎవరు వదినా? ఎవరది?" అతను లోపల్నుంచి అరిచాడు.

"ఎరువుల కొట్టువాడు" అంది అక్క. "ఏం కావాలో చెప్పమంటున్నాడు."