మిద్దెక్కిన ఎనుము

కడప శివార్లలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో మూడో సంవత్సరం చదువుతున్న ప్రణీతకు తన తెలివి మీద గట్టి నమ్మకం. గేమ్‌లు తయారు చెయ్యడం నేర్పే క్లాసులో ఇద్దరిద్దరు కలిసి ఒక పజిల్ గేమ్ చెయ్యమన్నప్పుడు, ఎవరూ తేలిగ్గా గెలవలేని ఆట చేసి తీరాలనుకుంది.

ఆట ఇది: ఊళ్లో ఇరుకు సందులు, అటూ ఇటూ మిద్దెలు. పాలిచ్చే నాలుగు గేదెలను, అక్కడి మాటలో ఎనుములను, వెనకనుంచి తోసుకుంటూ పోయి కొట్టంలో చేర్చాలి. తోయడమే తప్ప వెనక్కి లాగడం కుదరదు. మూలకు తోస్తే ఇక అంతే, మళ్ళీ మొదటినుంచీ. బొమ్మలు గీసింది జట్టులో రెండోవాడు, లేవి అనే కమలాపురం అబ్బాయి. లెక్కంతా ప్రణీతదే.

పాఠం చెప్పే చంద్రమోహన్ సారు ఒక షరతు పెట్టాడు. ఆట గురించి ఏమీ తెలియని మనిషి చేత ఆడించాలి, వెనక నిలబడి చూడాలి, నోరు మాత్రం మెదపకూడదు. ఆట తయారు చెయ్యడం కన్నా ఈ పనే కష్టమనిపించింది ప్రణీతకు.

హాస్టల్లో వంట చేసే కృష్ణవేణమ్మ పని ముగించి కూచున్నప్పుడు ఆమె చేతికి ఫోన్ ఇచ్చారు. ఆమె మొదటి ఎనుమునే నేరుగా గోడకేసి తోసింది. ప్రణీత చున్నీ కొస నోట్లో కుక్కుకుంది. కృష్ణవేణమ్మ ఆగకుండా తోసింది. ఎనుము గోడ పట్టుకుని నిలువునా పాకి, మిద్దె మీద నిలబడింది.

అది ప్రణీత రాసిన కోడ్‌లో దొర్లిన తప్పు. కృష్ణవేణమ్మకు ఆ సంగతి తెలియదు. కడుపు పట్టుకుని నవ్వి, కళ్ళు తుడుచుకుని, మిగతా మూడింటినీ ఎక్కించింది. సాయంత్రానికి హాస్టలంతా ఎనుములను మిద్దెలెక్కిస్తోంది. కొట్టం ఏ దిక్కున ఉందో చూసినవాళ్ళు లేరు.

ప్రణీతకు తల కొట్టేసినట్టయింది. మరునాడే తప్పు దిద్దేసింది. ఎనుములు బుద్ధిగా నేల మీదే నడిచాయి. ఆడేవాళ్ళు మాత్రం కాసేపటికే ఫోన్ తిరిగిచ్చేశారు.

"ఎవురూ ఆడేది ల్యా, చూస్తాండావు గదా," అన్నాడు లేవి. "మళ్ళా మిద్దెలెక్కియ్యి."

"అది తప్పు లేవీ. తప్పును పోయి సారుకు చూపిచ్చాల్నా?"

"నీ ఒప్పు ఎవురికీ వద్దంటాండారే, ఏం చేద్దాం?"

ఆ మాటకు వారమంతా అతనితో మాట్లాడలేదు. మాట్లాడకపోయినా, తప్పు దిద్దని పాత ఆటనే మళ్ళీ కృష్ణవేణమ్మకిచ్చి వెనక కూచుంది. ఎక్కించడం అయ్యాక ఆమె నవ్వు ఆపి, ఎనుమును అటూ ఇటూ తోస్తూ తిప్పలు పడుతోంది. ఏం చేస్తున్నావని అడగకుండా ఉండలేకపోయింది ప్రణీత.

"దించుదామని చూస్తాండా పాపా. ఎండలో నిలబడుకోని ఉండాది. నగువులకు ఎక్కిస్తిమి గానీ, ఆడ దానికి నీళ్ళెవురు పెడతారు?"

ప్రణీత పరుగున పోయి లేవిని వెతికింది. మిద్దెక్కి కూచున్న ఎనుములను కిందికి దించడమే ఇకనుంచీ ఆట. గడ్డిమోపులు తోసుకొచ్చి మెట్లలా పేర్చాలి. ఆలస్యం చేస్తే ఎనుము ఆ మెట్టును మేసేస్తుంది. మేసే సంగతి లేవికి తట్టింది. తనకు తట్టనందుకు ప్రణీత లోలోపల కుళ్ళుకుంది, పైకి బాగుందనేసింది.

పరీక్ష చెయ్యడానికి కర్నూలు నుంచి వీరభద్ర సారు వచ్చాడు. నవ్వని మనిషని పేరు. అప్పటిదాకా ఆటలను నిలబడే చూసినవాడు వీళ్ళ దగ్గర కుర్చీ లాక్కున్నాడు. ఎనుము మెట్టు మేసేసింది. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ మేసేసింది. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చంద్రమోహన్ సారు భోజనానికి పిలిస్తే వినిపించుకోలేదు. వెనకున్న జట్లు ఆకలితో గొణుక్కుంటుంటే, ప్రణీత సాయం చెయ్యబోయింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

చివరి ఎనుము నేల మీద కాలు మోపాక గానీ ఆయన లేవలేదు. మార్కులకు లోటుండదని చెప్పి, ఒక్క లోపం చూపించాడు.

"అంతసేపు మిద్దె మీద నిలబెడితే ఎనుము గమ్మునుంటాదామ్మా? అరచాల గదా."

ఆ ఆదివారం అరుపు రికార్డు చెయ్యడానికి ఇద్దరూ కమలాపురంలో లేవి పెద్దమ్మ కొట్టానికి పోయారు. పెద్దమ్మ ఎనుము ఫోన్‌ను వాసన చూసింది, నాకింది, అరవలేదు. బతిమాలినా అరవలేదు. చివరికి ప్రణీత ఫోన్ తుడిచి లేవి నోటి ముందు పెట్టింది. లేవి గొంతు సవరించుకుని నిండుగా అరిచాడు. ఎనుము తలెత్తి బదులు పలికింది గానీ, అప్పటికే ప్రణీత రికార్డు ఆపేసింది.

ఆటలో ఇప్పటికీ వినిపించేది లేవి గొంతే.