కుడి కాలి చప్పుడు

నేను ఒక పిల్ల చెప్పును. ఎడమ కాలిదాన్ని. ఎర్ర రంగు, పైన తెల్ల కుందేలు బొమ్మ, మడమ కింద చిన్న పీక. అడుగు పడితే కుయ్యిమంటాను. అంతకు మించి నాకు ఏ విద్యా రాదు. అయినా ఒక తల్లి తన ప్రాణమంతా తెచ్చి ఆ పీకలో పెట్టుకుంది.

నేను పుట్టింది ఒక రేకుల షెడ్డులో. వరసగా కూర్చున్న ఆడవాళ్లు మా మడమల్లో పీకలు దూర్చి, బొటనవేలితో నొక్కి, చెవి పెట్టి వినేవాళ్లు. సరిగ్గా నా వంతు వచ్చేసరికి భోజనాల గంట కొట్టారు. నా పీకకు చిన్న చీలిక ఉందని ఎవరూ గమనించలేదు. అందుకే కుయ్యిమన్నాక చివర నా గొంతు జీరబోతుంది. నా జోడు, కుడిది, మాత్రం చక్కగా పలికేది.

జనగామ అంగడిలో తోపుడు బండి మీద మమ్మల్ని కొన్నది స్వరూప. తొమ్మిదో తరగతిలో బడి మానేసి కుట్టుపని నేర్చుకున్న మనిషి. ఇల్లు లారీల రోడ్డు పక్కనే. జాకెట్లు కుడుతుంటే కళ్లు సూది మీద ఉండాలి, లేకపోతే వేలు పోతుంది. కూతురు హంసికకు అప్పుడు రెండేళ్లు. ఒక మధ్యాహ్నం గడప దాటి రోడ్డు మధ్యకు పోయింది. ఆటో అతనెవరో ఎత్తుకొచ్చి, నాలుగు మాటలని, ఇచ్చి పోయాడు. ఆ వారమే మేము ఆ ఇంటికి వచ్చాం.

అప్పటి నుంచి స్వరూప కళ్లు జాకెట్టు మీద, చెవులు నా మీద. నేను వంటింట్లో ఉన్నానో వాకిట్లో ఉన్నానో తల తిప్పకుండా చెప్పేది. నేను ఆగిపోతే సూది ఆగేది. పక్కింటి పిల్లకూ ఇలాంటి చెప్పులే ఉండేవి. అయినా నా జీర గొంతును ఆమె ఎంత గోలలోనైనా ఆనవాలు పట్టేది. మనుషులు చిత్రమైనవాళ్లు. కాళ్లకు తొడిగిన వస్తువును కాపలా పెట్టి నిశ్చింతగా ఉండగలరు.

ఆడబిడ్డ రజిత వచ్చినప్పుడల్లా నవ్వేది.

"వదినే, ఈ కుయ్యికుయ్యి ఎందుకు గాని, పిల్ల మెడల గంట గట్టరాదు, మేకపిల్ల తీర్గ!"

"కడ్తనే. నువ్వు గంట తే, నేను తాడు తెస్త."

"మా అన్నకు గూడ ఒకటి గట్టు మరి. కల్లు కాడికి పోతె ఎరుకైతది."

స్వరూప నవ్వేది గాని, నవ్వుతూనే నేనెక్కడున్నానో వినేది.

కొడుకు శ్రీచరణ్‌కు ఆరేళ్లు. పట్నం అవతల పెద్ద పార్కు ఉందని, అందులో నీళ్ల జారుడుబండలున్నాయని బడిలో ఎవరో చెప్పారట. ఏడాదంతా ఇల్లు పీకి పందిరేశాడు. చివరికి తాపీపని చేసే వాళ్ల నాన్న ఐలేష్ ఎండాకాలంలో ఒకరోజు పని మానుకున్నాడు. రజితను కూడా వెంటబెట్టుకొని అందరం తెల్లవారి బస్సెక్కాం.

పార్కును నేను చూసింది నేల మీద నుంచే. కాలే బండలు, కారే ఐసుక్రీములు, తడి పాదాలు. పైన ఎక్కడో మనుషులు డబ్బులిచ్చి మరీ భయపడుతూ కేకలు పెడుతున్నారు. స్వరూపకు ఆ ఖర్చు అక్కర్లేదు. గేటు దాటినప్పటి నుంచి ఆమె పిల్ల చెయ్యి వదల్లేదు. పిల్ల గుంజుకున్నా, అరచెయ్యి చెమట పట్టినా వదల్లేదు.

"ఏం భయమే నీకు?" అన్నాడు ఐలేష్. "ఇంత మందిల పిల్ల యాడికి పోతది?"

"ఇంత మంది ఉన్నరనే భయం."

మధ్యాహ్నానికి చిన్నపిల్లల కొలను దగ్గరికి చేరాం. పెద్దవాళ్లకు మోకాలి లోతు. శ్రీచరణ్ జారుడుబండ కావాలని నేల మీద పడి దొర్లాడు. ఐలేష్ వాణ్ణి భుజానికెత్తుకున్నాడు. రజిత కూడా వాళ్ల వెంట బయలుదేరింది.

"నువ్వు రావా వదినే?"

"మీరు పోన్రి. నేను బిడ్డను చూస్కుంట."

కొలను గట్టు మీద కాపలా అతను ఈల వేసి మా వైపు చెయ్యి చూపించాడు. "అమ్మా, నీళ్లలోకి చెప్పులు వద్దు. బయట విడిచి రావాలి."

స్వరూప మోకాళ్ల మీద కూర్చుని బిడ్డ గడ్డం పట్టుకుంది. "బిడ్డా, నీళ్లల్లకు చెప్పులేస్కొని పోవద్దు. గీడ ఇడిశి పోవాలె. ఎరుకైందా?"

హంసిక గట్టిగా తలూపింది. మా బెల్టులు పీకి, ఇంట్లో గడప ముందు పెట్టినట్టే ఇద్దరినీ పక్కపక్కన, ముక్కులు గోడ వైపు తిప్పి పెట్టింది.

"నా బంగారు బిడ్డ," అని స్వరూప దిష్టి తీసి మెటికలు విరిచింది.

తల్లీ బిడ్డా నీళ్లలో చాలాసేపు ఆడారు. ఆ వేళ స్వరూప గట్టిగా నవ్వడం విన్నాను. తర్వాత బయటికి వచ్చి, పిల్లకు తల తుడిచి, పొడి గౌను వేసి, మమ్మల్ని మళ్లీ తొడిగింది. ఇక తడిబట్టలు మిగిలాయి. నాలుగు. పది అడుగుల దూరంలో నల్లా దగ్గర, మాకు వీపు పెట్టి కూర్చుని పిండడం మొదలుపెట్టింది. కళ్లు బట్టల మీద, చెవులు నా మీద. రోజూ చేసే పనే.

హంసిక రెండు చుట్లు తిరిగింది. కుయ్యి, కుయ్యి. తర్వాత గట్టు అంచుకు పోయింది. నీళ్ల వైపు చూసింది. కింద కూర్చుని, ఒక్కొక్క బెల్టూ పీకి, మమ్మల్ని పక్కపక్కన, ముక్కులు గోడ వైపు తిప్పి పెట్టింది.

తల్లి మాట విన్నది.

ఉత్త పాదాలతో నీళ్లలోకి దిగింది. నేను చూస్తూనే ఉన్నాను. నాకు నోరుంది గాని, ఎవరైనా తొక్కితేనే అది తెరుచుకుంటుంది. చప్పుడు ఆగిపోయింది కదా, ఇప్పుడు తిరుగుతుంది, ఇప్పుడు లేస్తుంది అనుకున్నాను. తిరిగేదే. కాని అంతలో పసుపు గౌను వేసుకున్న ఇంకో పిల్ల, ఎవరి బిడ్డో, కుందేలు బొమ్మలు చూసి ముచ్చటపడి మాలో కాళ్లు పెట్టింది. నడిచింది.

కుయ్యి.

నా గొంతే. చివర అదే జీర.

"హంసీ, దూరం పోకు బిడ్డా," అంది స్వరూప, తల తిప్పకుండా. రెండో బట్ట దులిపి పక్కన పెట్టింది. మూడోది అందుకుంది. పసుపు గౌను పిల్ల నల్లా చుట్టూ తిరుగుతూనే ఉంది. నేను అబద్ధం చెబుతూనే ఉన్నాను. పొద్దుటి నుంచి బిగుసుకొని ఉన్న ఆ తల్లి భుజాలు అప్పుడే మొదటిసారి కిందికి దిగాయి.

నాలుగో బట్ట పిండి లేచి, "రా, పులిహోర తిందాం," అని వెనక్కి తిరిగింది. ముందు నన్ను చూసింది. తర్వాత నాలో ఉన్న కాళ్లను చూసింది. ఆ కాళ్లకు హంసిక వెండి పట్టీలు లేవు.

ఆమె చేతిలో తడిబట్టతోనే పరిగెత్తింది. కాపలా అతను అవతలి గట్టు మీద, దూకుతున్న పెద్దపిల్లలను అదిలిస్తున్నాడు. అంతమంది నవ్వుల మధ్య, మోకాలి లోతు నీళ్లలో, ఒక ముసలాయన కాలికి ఏదో తగిలి వంగాడు.

పసుపు గౌను పిల్ల తల్లి ఏడుస్తూ మమ్మల్ని ఊడదీసి, అంబులెన్సు తలుపు మూసేలోగా స్వరూప ఒళ్లో పడేసింది.

ఆసుపత్రి వరండాలో ఐలేష్ ఒక్కటే ప్రశ్న అడిగాడు.

"నువ్వు ఆడ్నే ఉన్నవ్ గదనే?"

"చప్పుడు ఇనవడ్డది," అంది స్వరూప.

"ఏం చప్పుడు?"

"చెప్పుల చప్పుడు. మన చెప్పులే. నాకు ఇనవడ్డది."

నర్సు అడిగినా అదే చెప్పింది. పోలీసాయన అడిగినా అదే. రజిత వదిన పాదాల దగ్గర కూర్చుని రెండు చేతులతో నోరు మూసుకుంది.

హంసిక బతికింది. కళ్లు తెరవడానికి పద్దెనిమిది రోజులు పట్టింది. మెదడుకు గాలి అందక దెబ్బ తగిలిందని, కుడి వైపు చచ్చుబడిందని డాక్టరమ్మ చెప్పింది. రోజూ నిలబెట్టండి, నడిపించండి, ఎంత వస్తుందో చెప్పలేం అంది.

ఇంటికి వచ్చిన రోజే ఐలేష్ మమ్మల్ని వాకిలి ముందరి మురుగు మోరీలో పారేయబోయాడు. "ఇవి నా కండ్ల ముందట ఉండొద్దు."

"ఉండనియ్. పనున్నది," అంది స్వరూప.

పని ఇదీ. పొద్దున, సాయంత్రం పిల్లకు మమ్మల్ని తొడిగి, చంకల కింద చేతులు వేసి నడిపిస్తుంది. కాలు నేల మీద గట్టిగా ఆనితేనే మేము పలుకుతాం. డాక్టరమ్మ ఎంత వస్తుందో చెప్పలేనంది కదా. కుడిది పలికిననాడు తనకే తెలుస్తుందని స్వరూప లెక్క.

ఏడాదిన్నర అయింది. పాదాలు పెరిగాయి. స్వరూప కత్తెరతో మా ముక్కులు కోసింది. వేళ్లు బయటికి వస్తున్నాయి. మొన్న రజిత లైట్లు వెలిగే కొత్త బూట్లు తెచ్చింది.

"మంచిగున్నయ్," అంది స్వరూప. "చప్పుడు లేదు గద." అలమరలో పెట్టేసింది.

కుట్టుమిషను ఇప్పుడు గోడ వైపు లేదు, మంచం వైపు తిరిగి ఉంది. నాలుగు కుట్లు వేస్తుంది, తల ఎత్తి చూస్తుంది. మళ్లీ నాలుగు. జాకెట్లు ఆలస్యమవుతున్నాయని వచ్చినవాళ్లు గొణుగుతారు. ఆమె మళ్లీ చూస్తుంది.

నిన్న సాయంత్రం ఐలేష్ పని నుంచి వచ్చి, సిమెంటు కాళ్లతోనే గడపలో ఆగిపోయాడు. లోపల తల్లీ బిడ్డా నడుస్తున్నారు.

"ఇనవడ్డదే!" అన్నాడు. "కుడి చెప్పు ఇనవడ్డది గదనే!"

స్వరూప తల ఎత్తలేదు. ఆమె చూపు కుడి పాదం మీదే ఉంది.

"నీకు ఇనవడ్డది," అంది. "నేను చూసిన. కాలు ఆనలేదు."

అతను అక్కడే గడప మీద కూర్చుండిపోయాడు. ఆమె బిడ్డను మళ్లీ గోడ దాకా తీసుకుపోయి, ఇటు తిప్పింది. ఎడమ కాలు పడింది. నేను జీరగా కుయ్యిమన్నాను. తర్వాత బండ మీద ఈడ్చిన చప్పుడు. తల్లీ బిడ్డా ఆగారు. నేనూ ఆగాను.

నా పక్కన నా జోడు, చక్కని గొంతు ఉన్నది, ఇంకా పలకలేదు.