ఫోన్ పెట్టేసి వింటాను

"ఇవాళ వాడు ఫోన్ చెయ్యడు. నాకు తెలుసు, ఇవాళ చెయ్యడు," అంది లొరెటా. వంటింట్లో వినడానికి ఎవరూ లేరు.

స్టవ్ మీద వెన్నలో ఉల్లిపాయలు మగ్గుతున్నాయి. ఫ్రిజ్ మీద రేడియోలో వాల్ట్ ఎప్పటిలాగే గొంతు చించుకుంటున్నాడు. ఆఫీసుల నుంచి జనం ఇళ్ళకు మళ్ళే వేళ వాల్ట్ నడిపే బేస్‌బాల్ కార్యక్రమం అది, అభిమానులు ఫోన్ చేసి మాట్లాడేది. ఫిలడెల్ఫియాలో సగం మంది ఆ వేళప్పుడు తమ జట్టును తిట్టుకుంటూనే ఇల్లు చేరతారు.

లొరెటాకు ఆట మీద మోజేం లేదు. ఆమె వినేది కొడుకు కోసం. జెరార్డ్ అదే ఊళ్ళో టాకనీ పేటలో ఉంటాడు. పోర్ట్ రిచ్‌మండ్‌లో ఈమె ఉన్న ఇంటికి ఒక్క బస్సు దూరం. అయినా వచ్చేది తక్కువ, ఫోన్ ఎత్తేది అంతకన్నా తక్కువ. "నీ ఫోన్ వస్తే అంబులెన్స్ వచ్చినట్టుంటుందమ్మా. నువ్వు వినవు, భయపడతావు అంతే," అన్నాడొకసారి. ఆ మాట అన్నది పెళ్ళాం డెనిస్ వెళ్ళిపోయిన చలికాలంలో.

కానీ నది అవతల ఏసీలు బాగుచేసే పని ముగించుకుని, వ్యానులో, పడవలొస్తే పైకి లేచే వంతెన దగ్గర ఆగినప్పుడల్లా రేడియోకి ఫోన్ చేస్తాడు. అక్కడ వాడి పేరు 'టాకనీ నుంచి జెర్రీ'. ఏప్రిల్‌లో ఆటలు మొదలైన వారానికే ఈ ఏడు అయిపోయిందని తేల్చేసే మనిషి. ఓడితే "నేను చెప్పలా?" అంటాడు. గెలిస్తే "రేపు ఓడడానికే" అంటాడు. ఊరంతా పడీపడీ నవ్వుతుంది. లొరెటా నవ్వదు, చెవి రిక్కించి వింటుంది. బంతి వేసేవాళ్ళను తిడితే కడుపునిండా తిన్నాడని లెక్క. జట్టు యజమానిని తిడితే రాత్రి నిద్రపట్టలేదని. ముక్కుతో మాట్లాడితే జలుబు. ఏదైతేనేం, తిడుతున్నాడంటే బాగున్నాడు.

రేడియోలో మనాయంక్ నుంచి సాల్ అనే అభిమాని వాపోతున్నాడు.

"వరసగా ఆరు గెలిచాం కదయ్యా సాల్, ఇంకా ఏడుపెందుకు?"

"అదే నా భయం వాల్ట్! ఆరు గెలిచారంటే ఎక్కడో గొయ్యి తవ్వుతున్నారనే. ఎంత పైకెత్తితే అంత గట్టిగా పడేస్తారు వీళ్ళు. మా నాన్నకి చేశారు, నాకూ చేస్తారు."

"సరే సరే, కళ్ళు తుడుచుకో. అదిగో, మన దుఃఖాల పెద్దన్న లైన్లోకి వచ్చాడు. టాకనీ నుంచి జెర్రీ! చెప్పు నాయనా, ఇవాళ ఎవర్ని పాతిపెడుతున్నావు?"

లొరెటా స్టవ్ తగ్గించింది.

"ఎవర్నీ కాదు వాల్ట్. కుర్రాళ్ళు బాగానే ఆడుతున్నారు."

వాల్ట్ పగలబడి నవ్వాడు. "ఎవర్రా నువ్వు? మా జెర్రీని ఏం చేశావు?"

"నిజంగానే అంటున్నా. ఈ ఏడు గట్టెక్కుతారేమో. ఎక్కాలి. నీకు థాంక్స్ చెబుదామని చేశా. ఇన్నేళ్ళు నా గోలంతా విన్నారు మీరు."

"తాగావా ఏంటి? ఎక్కడున్నావు?"

"వంతెన దగ్గర. పడవ కోసం ఎత్తారు. నీళ్ళు బాగున్నాయి ఇవాళ. సరే వాల్ట్, ఫోన్ పెట్టేసి వింటాను."

అందరూ చివర్న అనే మాటే అది. తమ ప్రశ్న అడిగి, జవాబు రేడియోలో వింటామని ఫోన్ పెట్టేస్తారు. లొరెటా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. వాడు ఏమీ అడగలేదు. ఇక ఏం వింటాడు?

పక్కింటి ఐరీన్ వెనక తలుపు తోసుకుని వచ్చేసింది. ఆ వరసలో ఇళ్ళన్నిటికీ గోడలు ఉమ్మడివి, రేడియోలూ దాదాపు ఉమ్మడివే.

"విన్నావా? మీవాడికి మతి మారిందే! పండగ చేసుకో!"

"వాడు థాంక్స్ చెప్పాడే ఐరీన్."

"చెబితే?"

"ఎప్పుడైనా చెప్పాడా వాడు? నీళ్ళు బాగున్నాయన్నాడు. ఏదైనా బాగుందని వాడి నోట ఎప్పుడన్నా విన్నావా నువ్వు?"

"ఒసే, కొడుకు తిడితే ఏడుస్తావు, పొగిడితే ఏడుస్తావు. నిన్ను పెట్టుకుని ఆ పిల్లాడు ఎలా పెరిగాడో!"

లొరెటా అప్పటికే కొడుకు నంబరు నొక్కింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ నొక్కింది. ఈసారి మోగకుండానే వాడి రికార్డు గొంతు వచ్చింది.

"పోలీసులకి చెప్పనా?"

"కిందటిసారి చేసిన నిర్వాకం చాల్లేదూ? వాడు స్నానం చేస్తుంటే తలుపు పగలగొట్టించావు. ఇంకోసారి చేస్తే నంబరే మార్చేస్తానన్నాడు. గుర్తుందా?"

గుర్తుంది. వాడి చిన్నప్పటి నుంచీ ఆమె భయపడినవన్నీ గుర్తున్నాయి. గొంతులో చేపముల్లు, కాలవ మీద మంచు, బడి బస్సు బ్రేకులు. ఒక్కటీ జరగలేదు. ఇన్ని భయాలు పడ్డ మనిషి, ఇది వేరే భయం అంటే ఎవరు నమ్ముతారు? తనకే నమ్మకం లేదు. కానీ వాడి గొంతు అంత నున్నగా ఎప్పుడూ లేదు. గరుకంతా ఎవరో గీకేసినట్టుంది.

వాడిప్పుడు ఆ వ్యానులో ఉంటే, ఆ రేడియో పెట్టే ఉంటుంది. ఆ సంగతొక్కటి ఆమెకు రూఢిగా తెలుసు.

రేడియో వాళ్ళ నంబరు పాటలా పాడీపాడీ ఊరందరికీ నోటికొచ్చేసింది. నొక్కింది. ఖాళీ లేదు. మళ్ళీ, మళ్ళీ. ఐరీన్ "ఏం చేస్తున్నావే?" అంటూనే ఉంది. చివరికి ఒక అమ్మాయి ఎత్తింది.

"పేరు? ఎక్కణ్ణుంచి? దేని గురించి?"

కొడుకు గురించి అంటే లైన్ ఇవ్వరు. "లొరెటా. పోర్ట్ రిచ్‌మండ్," అంది. ఊపిరి పీల్చుకుని, "బంతి వేసేవాళ్ళ గురించి," అంది.

వాల్ట్ గొంతు నేరుగా చెవిలో పడేసరికి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"పోర్ట్ రిచ్‌మండ్ నుంచి లొరెటా! చెప్పండమ్మా."

"మొదటిసారి మాట్లాడుతున్నా. చాన్నాళ్ళుగా వింటున్నా." కొత్తగా చేసేవాళ్ళు అలాగే మొదలుపెడతారని తెలుసు. కాసేపటికి ఫ్రిజ్ మీది రేడియోలోంచి ఎవరో ముసలావిడ అదే మాట అంది. లొరెటా ఉలిక్కిపడింది.

"అమ్మా, మీ రేడియో కాస్త తగ్గించండి. మీ మాట మీకే తిరిగొస్తోంది."

ఐరీన్ లేచి తగ్గించింది.

"ఈ జట్టు గెలవదు," అంది లొరెటా.

"ఆహా! మీరూ మా బాపతే!"

"గెలవదు. ఆ ఎడమ వైపు చివర నిలబడేవాడికి బంతి కనబడదు. ఆఖర్లో బంతి వెయ్యడానికి వచ్చేవాళ్ళను చూస్తే నాకు గుండెదడ. ఇందాక టాకనీ నుంచి జెర్రీ అనే అతను అంతా బాగుందన్నాడు. బాగాలేదు. బాగాలేదని అతనికీ తెలుసు. ఇన్నేళ్ళూ చెప్పాడుగా? మేం విన్నాంగా? ఎవరన్నా విసుక్కున్నామా?"

వాల్ట్ నవ్వబోయి ఆగినట్టున్నాడు. "అమ్మా, జెర్రీ మీకు..."

"నన్ను చెప్పనీ బాబూ, మళ్ళీ ధైర్యం రాదు. నాకు భయం ఎక్కువ. అది నా రోగం, ఈ వయసులో పోదు. కానీ నోరు మూసుకుని భయపడతాను. మధ్యలో అడ్డం రాను. ఎంత చెడ్డగా ఉందో అతన్ని మళ్ళీ ఫోన్ చేసి చెప్పమనండి. మొదటి నుంచీ, మొత్తం. నేను... నేను ఫోన్ పెట్టేసి వింటాను."

పెట్టేసింది. కొడుకుతో మాట్లాడే ఏ ఫోనూ ఆమె ముందుగా పెట్టెయ్యలేదు ఇంతవరకు.

ఐరీన్ మాడిపోతున్న ఉల్లిపాయలు స్టవ్ మీద నుంచి దించి, రేడియో శబ్దం పెంచి, వచ్చి పక్కన కూర్చుంది.

వాల్ట్ గొంతు మారిపోయింది. "జెర్రీ, పోర్ట్ రిచ్‌మండ్ ఆవిడ మాట విన్నావుగా. నీకోసం ఒక లైను ఖాళీగా ఉంచమని ఇక్కడ ఫోన్లెత్తే అమ్మాయికి చెప్పాను. ఎంతసేపైనా సరే."

కార్ల టైర్ల ప్రకటన వచ్చింది, తర్వాత పరుపులది. మనాయంక్ సాల్ మళ్ళీ ఫోన్ చేశాడు. "జెర్రీ, సాల్‌ని రా. నువ్వు కూడా ఆశపడితే నన్ను తిట్టేదెవర్రా? ఈ ఆరు గెలుపులూ ఒక్కణ్ణీ మొయ్యలేను నేను. ఫోన్ చెయ్యి." మరెవరో లారీ నడుపుతున్నతను, జెర్రీ తిట్లు వినకపోతే తనకు ఇంటి దారి తోచదన్నాడు. ఇంకొకామె ఏదో చెప్పబోయి, "ఏం లేదు, నేనూ వింటున్నా," అని పెట్టేసింది.

లొరెటా బల్ల మీద గుడ్డను మడత పెట్టి, విప్పి, మళ్ళీ మడత పెట్టింది. కిటికీలో ఎదురింటి గోడ మీద ఎండ పైకి పాకుతోంది. వంతెన ఈపాటికి దించేసి ఉంటారు. పడవ వెళ్ళిపోయి ఉంటుంది.

"మూడో లైన్లో ఎవరో ఉన్నారు," అన్నాడు వాల్ట్ ఉన్నట్టుండి. "పేరు చెప్పలేదట. ఎవరండీ?"

జవాబు లేదు.

"లైన్లో ఉన్నారా?"

జవాబు లేదు. రేడియోలో అంత నిశ్శబ్దం లొరెటా ఎన్నడూ వినలేదు. వాల్ట్ ఒక్క జోకన్నా వెయ్యలేదు, ఇంకో లైనుకు మారలేదు. ఐరీన్ చెయ్యి వచ్చి లొరెటా చేతి మీద పడింది. అడ్డం రానన్న మాట గుర్తొచ్చి లొరెటా పళ్ళు బిగపట్టుకుంది.

అప్పుడు, ఆ లైను వెనక ఎక్కడో దూరంగా, ఇరుకు చోటులో ఉన్న చిన్న రేడియోలో, వాల్ట్ గొంతు సన్నగా వినిపించింది. "లైన్లో ఉన్నారా?"

తగ్గించడం మర్చిపోయాడు. వ్యానులో రేడియో తగ్గించడం మర్చిపోయాడు. లొరెటా రెండు చేతులతో నోరు మూసుకుంది.

ఎవరో ముక్కు ఎగబీల్చారు. రేడియో తగ్గింది.

"ఏం బాగాలేదమ్మా," అన్నాడు జెరార్డ్. "ఈ ఏడు అస్సలు బాగాలేదు."