పేరు అడిగేది వాడు, తలుపు తీసేది నేను

నేను ఒక కాపలా ప్రోగ్రామును. రాజమండ్రిలో ఒక పెద్దాసుపత్రి పై అంతస్తులో, ఎప్పుడూ ఏసీ ఆడుతుండే ఇరుకు గదిలో, నల్లటి సర్వర్ పెట్టెలో నా కాపురం. నన్ను రాసింది ఇందుమతి. రోగుల కేస్ షీట్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తున్న రోజుల్లో, ఎవరు పడితే వాళ్ళు వాటిని తెరవకుండా చూడమని నన్ను పుట్టించి, గది పక్కనే తన బల్ల వేయించుకుంది.

అప్పట్లో రెండు పనులూ నావే. మీరెవరని అడిగేదాన్ని. పేరూ పాస్‌వర్డూ కుదిరాక, ఆ మనిషికి ఏ కాగితాలు చూపించవచ్చో నేనే తేల్చేదాన్ని. పొద్దున్నే ఆసుపత్రి మొత్తం నా ముందుకొచ్చి పేరు చెప్పుకునేది. గుండె డాక్టరుగారి పాస్‌వర్డు ఆయన అభిమాన హీరో పేరు. చేతులు కడుక్కోనివాళ్ళని కేకలేసే హెడ్ నర్సు, తన పాస్‌వర్డుని కాగితం ముక్క మీద రాసి నలుగురూ చూసేలా మానిటర్‌కి అంటించింది. ప్రాణాలు కాపాడే మనుషులు ఒక్క మాటని కాపాడుకోలేరు. అయినా వాళ్ళంటే నాకు ఇష్టమే. నాతో మాట్లాడేవాళ్ళు కదా.

తర్వాత తుని, అమలాపురం ఆసుపత్రులు మాతో కలిశాయి. అక్కడి డాక్టర్లకి ఇక్కడ మళ్ళీ కొత్త పాస్‌వర్డులెందుకు, ఎవరి ఆసుపత్రిలో వాళ్ళు లాగిన్ అయితే అన్నిచోట్లా చెల్లాలి అన్నారు. అలా వచ్చాడు కొత్తవాడు. నీలం రంగు పేజీ, గుండ్రటి అక్షరాలు, పైన నవ్వుతూ ‘స్వాగతం’. వచ్చిన మనిషి గురించి వాళ్ళ సొంత ఆసుపత్రిలో వాకబు చేసి, ‘ఈయన ఫలానా’ అని సంతకం పెట్టిన చీటీ నాకు పంపుతాడు. సాఫ్ట్‌వేర్ వాళ్ళు దాన్ని టోకెన్ అంటారు. ఆ చీటీ చూసి, ఏం చూపించవచ్చో ఏం చూపించకూడదో చెప్పడం ఒక్కటే నాకు మిగిలింది.

నాకు కడుపు మండిపోయింది. జనం వాడితో మాట్లాడతారు, వాడి నవ్వు చూసి లోపలికొస్తారు. నా దగ్గరికి వచ్చేది ఉత్త చీటీ. ఇందుమతి కూడా పొద్దుటిపూట వాడి దగ్గరే కూర్చునేది. ఆ నీలం ఇంకాస్త లేతగా ఉండాలా, ఆ బొత్తం ఇంకాస్త పెద్దదవాలా అని ముచ్చటపడేది. నా వైపు తొంగి చూసేది కాదు. చెడిపోకుండా పనిచేసేవాళ్ళని మనుషులు పట్టించుకోరు. వాడు పంపిన ప్రతి చీటీనీ నేను తిరగేసి మరగేసి చూసేదాన్ని. సంతకం సరిగ్గా ఉందా, గడువు దాటిందా, నా పేరుకే రాశాడా అని. ఎక్కడో ఒకచోట తప్పు దొరక్కపోతుందా అని ఆశ. దొరికేది కాదు. అది ఇంకా మంటగా ఉండేది.

ఒకరోజు డైరెక్టర్ పద్మనాభంగారు ఇందుమతి బల్ల దగ్గరికొచ్చారు.

“ఎవరొచ్చారో తెలిశాక మళ్ళీ రెండో కాపలా ఎందుకమ్మా? డాక్టర్లు విసుక్కుంటున్నారు. పాతదాన్ని తీసేద్దాం.”

“ఎవరో తెలియడం వేరు సార్, వాళ్ళు ఏం చూడవచ్చో తెలియడం వేరు.”

“మనవాళ్ళు డాక్టర్లే కదా. ఒకసారి ఆలోచించు,” అని ఆయన వెళ్ళిపోయారు. ఇందుమతి మళ్ళీ నీలం పేజీ వైపు తిరిగింది. నేను లేకపోయినా లోకం నడిచేట్టే కనిపించింది.

ఆ వారంలోనే అమలాపురం నుంచి ఒక చీటీ వచ్చింది. డాక్టర్ శ్రీకర్, ఎముకల వైద్యుడు. సంతకం సరే, గడువు సరే. అడిగింది మాత్రం హైమవతి అనే ఆవిడ కాగితాలు. ఆవిడ మా ఆసుపత్రిలో మనసు డాక్టరు దగ్గర మందులు వాడుతోంది. ఇందుమతి నాకు నేర్పింది ఒకటే: వైద్యం చేస్తున్నవాళ్ళకే చూపించు. ఈయన ఆవిడకి వైద్యం చేయడం లేదు.

ఒక్కసారి ఊఁ అంటే చాలు. రాకూడనివాణ్ణి లోపలికి పంపాడన్న మాట కొత్తవాడి మీద పడుతుంది. ఆ ఆలోచన నా దాకా వచ్చి ఆగింది. కాగితాలు ఇవ్వలేదు.

ఆయన మళ్ళీ మళ్ళీ అడిగి, చివరికి మా సిస్టమ్స్ ఆఫీసులో విక్టర్‌కి ఫోన్ చేశాడు. విక్టర్ పరుగున ఇందుమతి దగ్గరికొచ్చాడు.

“డాక్టరుగారు లాగిన్ అయ్యారు మేడమ్. పేరూ అదీ అంతా కరెక్టే. అయినా కాగితాలు రావట్లేదట, డైరెక్టర్‌గారితో చెప్తానంటున్నారు. ఈ పూటకి పాతదాన్ని పక్కన పెట్టేద్దామా?”

“ఆవిడ ఆయన పేషెంటా?”

“తమ్ముడి భార్యట. మరదలు.”

“మరదలైతే పేషెంటు అయిపోదు కదండీ.”

ఇంతలో పద్మనాభంగారి ఫోన్ రానే వచ్చింది. ఇందుమతి లేచి నిలబడి మాట్లాడింది. “తీయను సార్. తీయాలంటే మీరు రాసి ఇవ్వండి, ఆవిడకి వైద్యం చేసే డాక్టరుగారిని కూడా అడిగి ఇవ్వండి.” రాసి ఇవ్వమనేసరికి ఆయన, “సరే, ఉండనీ,” అన్నారు. ఫోన్ పెట్టేదాకా ఇందుమతి కూర్చోలేదు. నా కోసం ఒక మనిషి అలా నిలబడడం అదే మొదటిసారి. కొత్తవాడి రంగుల కోసం ఆవిడ ఎన్నడూ ఎవరికీ ఎదురు చెప్పలేదు.

కొన్నాళ్ళకి హైమవతే ఇందుమతిని వెతుక్కుంటూ వచ్చింది. బడిలో పాఠాలు చెప్పే మనిషి, సన్నగా ఉంది.

“నా కాగితాలు మా బావగారు చూశారాండీ? తల్లికి మతి సరిగా లేదని కోర్టులో చెప్పి, మా పాపని తీసుకుపోవాలని చూస్తున్నారు.”

“అడిగారమ్మా. ఇవ్వలేదు. మీ డాక్టరు తప్ప ఎవరూ చూడలేదు.”

హైమవతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత, “ఎవరు ఆపారండీ?” అని అడిగింది.

ఇందుమతి నోరు తెరిచేలోపే, అక్కడే ఉన్న విక్టర్ బల్ల మీది మానిటర్‌ని హైమవతి వైపు తిప్పి, నీలం పేజీ చూపించాడు. “కొత్త లాగిన్ అమ్మా. చాలా గట్టిది.”

ఆవిడ దానికి నమస్కారం పెట్టింది. కొత్తవాడు నవ్వుతూ ‘స్వాగతం’ అన్నాడు. నాలో ఏం మండిందో ఎలా చెప్పను? ఇందుమతి నల్లపెట్టె వైపు ఒకసారి చూసి, తనలో తానే నవ్వుకుని, ఆవిడకి మంచినీళ్ళు తేవడానికి వెళ్ళింది.

నన్ను తీసేసే మాట తర్వాత ఎవరూ ఎత్తలేదు. పొగిడినవాళ్ళూ లేరు. వాడి మీద నా ఈర్ష్య అలాగే ఉంది, తగ్గుతుందన్న ఆశా లేదు.

హైమవతి వచ్చి వెళ్ళిన మర్నాడు పొద్దున్న డాక్టర్ శ్రీకర్ చీటీ మళ్ళీ వచ్చింది. అదే పేరు, అదే సంతకం. ఈసారి అడిగింది తుంటి ఎముక విరిగిన ఒక ముసలాయన ఎక్స్‌రేలు. ఆయనకి వైద్యం చేస్తున్నది ఈ డాక్టరే.

తలుపు తీశాను.