బల్ల కింద ఎలుగుబంటి

మా అమ్మాయి ఫిజియోథెరపిస్టు. ఇంటి ముందుగదే ఆమె క్లినిక్. గోడకి చెక్క నిచ్చెన, మూలన రబ్బరు పట్టీలు, నడుమ రోగులు పడుకునే ఎత్తయిన బల్ల. మధ్యాహ్నాలు మా మనవరాలు గువ్వ ఆ బల్ల కింద, వేలాడే దుప్పటి చాటున కూర్చునేది. నేను పక్కనే పొట్టి పీట మీద. ఇద్దరం కథలు చదువుకునేవాళ్లం.

నిద్ర పోగొట్టుకుని అడవంతా వెతుక్కునే ఎలుగుబంటి కథంటే గువ్వకి ప్రాణం. చదువుతూ చదువుతూ టక్కున ఆగి పేజీ మీద అరచెయ్యి ఆనించేది.

"తిప్పకు తాతయ్యా. ఇప్పుడది గుడ్లగూబని అడుగుతుంది. గుడ్లగూబ తిడుతుందేమో."

"తిడితే?"

"ఏడుస్తుంది, పాపం. కొంచెం ఆగి తిప్పుదాం."

ఒక్కోసారి ఒకే పేజీతో సాయంత్రమయ్యేది. పోయిన నా భార్య కూడా నవలలో కష్టమొచ్చే చోట పుస్తకం మూసేసి వంటింట్లోకి వెళ్లిపోయేది. ఆ గుణం ఈ పిల్లలో మళ్లీ కనిపిస్తుంటే, ఆ మధ్యాహ్నాలు నాకు అంత వెలితిగా ఉండేవి కావు.

భుజం పట్టేసి వచ్చే బస్సు డ్రైవరొకాయన బల్ల మీద మూలుగుతూనే చెవి ఇటు వేసేవాడు.

"ఏమ్మా, మీ ఎలుగుబంటి పడుకుందా లేదా? దాని సంగతి తేలేదాకా నాకూ నిద్రపట్టేట్టు లేదు."

"ఉండండి డ్రైవర్ తాతా, తొందరపెడితే దానికి భయమేస్తుంది."

"నా బస్సెక్కిస్తే రెండో స్టాపుకే గుర్రుపెట్టేది!"

గువ్వ బల్ల కింద పొర్లి పొర్లి నవ్వేది.

ఒకరోజు మా అమ్మాయి గువ్వ బడినుంచి మొహం మాడ్చుకుని వచ్చింది.

"నిమిషంలో పేజీ చదవాలట నాన్నా. మిగతా పిల్లలు గడగడా చదివేస్తున్నారు. ఇది మధ్యలో ఆగి బొమ్మ చూస్తోందట. నెలాఖరు పరీక్షలో కూడా ఇంతే అయితే, వెనకబడ్డ పిల్లల గదిలో కూర్చోబెడతారట."

"చదవడం రాక ఆగట్లేదమ్మా. ఆలోచిస్తోంది."

"ఆ మాట టీచరుకి నువ్వు చెప్తావా?"

మర్నాడే వెళ్లి చెప్పాను. టీచరమ్మ మర్యాదగా కుర్చీ వేసింది. "నిజమేనండీ. కానీ ఆలోచనకి మార్కులెలా వెయ్యను?" అంది. ఆవిడ కళ్ల కింద నలుపు చూశాక దణ్ణం పెట్టి లేచి వచ్చేశాను.

ఆ సాయంత్రం మా అమ్మాయి తన రోగుల గంటని గువ్వ ముందు పెట్టింది. వ్యాయామం ఇంతసేపని తిప్పి పెడితే, ఆ సమయం కాగానే ట్రింగుమనే చిన్న డబ్బా అది.

"మోకాలికైనా నోటికైనా సాధన ఒకటే నాన్నా. రోజూ చేయిస్తే అదే దారికొస్తుంది."

నేను తుంటి విరిగి మంచాన పడ్డప్పుడు, ఆ గంట పెట్టే నన్ను తిట్టి, బతిమాలి, లేపి నడిపించింది మా అమ్మాయే. ఇవాళ నా కాళ్ల మీద నేను తిరుగుతున్నానంటే దాని చలవే. ఇంక ఏ మొహం పెట్టుకుని కాదంటాను?

"ఆగకు, ఆగకు! పద, తర్వాతి లైను! బొమ్మ తర్వాత చూద్దువుగాని. నిన్నటికంటే నయం, శభాష్!" మోకాళ్ల రోగులకీ గువ్వకీ ముందుగదిలో ఒకటే అదిలింపు.

గువ్వ చురుకైనది. కిటుకు ఇట్టే పట్టేసింది. ఆ ఎలుగుబంటి కథనే ఊపిరి తీసుకోకుండా చదివేయసాగింది. గుడ్లగూబ తిట్టింది, ఎలుగుబంటి ఏడ్చింది, గువ్వ గొంతులో మాత్రం ఎక్కడా తడి లేదు.

డ్రైవరు బల్ల అంచు మీంచి తల వంచాడు. "ఇంతకీ దానికి నిద్ర దొరికిందామ్మా?"

"ఏమో, డ్రైవర్ తాతా."

"అదేంటి, ఇప్పుడేగా ఆఖరిదాకా చదివావు!"

"చదివాను. చూడలేదు."

ఆయన నవ్వబోయి, నా మొహం చూసి మానేశాడు. వెళ్లేటప్పుడు, నొప్పిలేని చేత్తో నా వీపు తట్టి వెళ్లాడు.

పరీక్షలో గువ్వ నిమిషం నిండకముందే పేజీ ముగించింది. మా అమ్మాయి దాన్ని ఎత్తుకుని గిరగిరా తిప్పింది. నేనూ సంతోషించాను. వెనకబడ్డ పిల్లల గదిలో కూర్చునే ఖర్మ తప్పింది కదా.

"ఏం కావాలో అడుగు బంగారం! ఏదైనా సరే!"

గువ్వ తడుముకోలేదు. "ఇంక చదవక్కర్లేదా?"

అమ్మాయి పగలబడి నవ్వింది. "సెలవులన్నాళ్లూ పుస్తకం ముట్టుకోకు, పో!"

గువ్వ కేకలు పెడుతూ ఇల్లంతా చుట్టొచ్చింది. "చూశావా నాన్నా, ఎంత సంబరమో!" అంది అమ్మాయి. తన కళ్లలో నీళ్లు నిలిచాయి. ఈ పరీక్ష బెంగతో నెలరోజులు తనూ సరిగ్గా తిన్నది లేదు. నేను తలూపాను.

తర్వాత కిటికీ దగ్గర కూర్చుని నా నవల తెరిచాను. నాలుగు వాక్యాలు సాగాయో లేదో, గువ్వ వచ్చి నా పక్కన నిలబడింది. నా మొహంలోకి జాలిగా చూసింది.

"నిన్నెవరు చదవమన్నారు తాతయ్యా?"

"ఎవరూ అనలేదమ్మా."

అది నమ్మలేదు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "భయపడకు. అమ్మని నేను అడిగాన్లే. నీక్కూడా సెలవిచ్చేసింది."

నా చేతిలోంచి పుస్తకాన్ని మెల్లగా తీసుకుని మూసేసింది. కుర్చీ లాక్కుని ఎక్కి, అలమర పైన, కూర్చున్న నాకు అందనంత ఎత్తులో పెట్టింది. దిగి వచ్చి నా చెయ్యి నిమిరింది.

"ఇంక హాయిగా ఉండు," అంది.