రొట్టె సిగ్గుపడకుండా

నేను రొట్టె మీద కప్పే గుడ్డను. నవ్వకండి. మీ ఇళ్లలో అన్నం గిన్నెల మీదా పాల గిన్నెల మీదా మూతలుంటాయి. అవి ఈగలు వాలకుండా పెట్టుకున్నవి. నా పని అది కాదు. నన్ను కప్పింది రొట్టె సిగ్గుపడకుండా ఉండటానికి. ఈ మాట విన్న ప్రతి కొత్త మనిషీ నన్ను ఎగాదిగా చూస్తాడు. చెప్పీ చెప్పీ నాకు విసుగు పుట్టింది. అందుకని ఒక్కసారికి మొదటి నుంచీ చెప్పేస్తాను, వినండి.

పుట్టింది చీరాలలో, మగ్గం మీద. గంధం రంగు, సన్నటి ఎర్ర అంచు. కొట్టువాడు తానులోంచి నన్ను జాకెట్టు ముక్కగా కత్తిరించాడు. అంతకు మించిన పాపిష్టి జన్మ ఇంకోటి లేదని తొందర్లోనే తెలిసొచ్చింది. పేరంటానికి వచ్చినావిడకు బొట్టు పెట్టి, రెండు అరటిపళ్లూ తమలపాకులతో పాటు నన్ను చేతిలో పెట్టేవారు. పుచ్చుకున్నావిడ "అబ్బ, ఎంత బాగుందండీ!" అనేది. ఇంటికెళ్లి బీరువాలో పడేసేది. ఆర్నెల్ల తర్వాత ఇంకొకావిడ చేతిలో పెట్టేది. ఇలా ఏడిళ్లు తిరిగాను. ఒక్కరంటే ఒక్కరు కుట్టించుకున్న పాపాన పోలేదు. ఐదో ఇంటావిడ నన్ను తీసుకెళ్లి రెండో ఇంటావిడకే ఇచ్చింది. ఇద్దరూ గుర్తు పట్టలేదు. మళ్లీ "ఎంత బాగుందండీ" అనే అనుకున్నారు. నచ్చిన వస్తువును దగ్గర ఉంచుకోవడం మనుషులకు ఎందుకు చేతకాదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఎనిమిదో చెయ్యి రిబ్కా టీచరుది. గుంటూరుకు పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆమె ఊళ్లో, ఒక వీధి నిండా ముప్పై దాకా యూదుల ఇళ్లున్నాయి. వాళ్లు మాట్లాడేది తెలుగే, తినేది గోంగూర పచ్చడే. శుక్రవారం పొద్దు గూకిందంటే మాత్రం పనులన్నీ కట్టిపెట్టి విశ్రాంతి దినం పాటిస్తారు. దాన్ని షబ్బాత్ అంటారు. ప్రార్థన మందిరం వెనక రెండు గదుల్లో రిబ్కా టీచరు చిన్నపిల్లల బడి నడుపుతుంది. పక్కింటి సుబ్బాయమ్మ నోము నోచుకుని నన్ను ఈమె చేతిలో పెట్టింది. ఈమెకు నోములూ బొట్లూ లేవు, అయినా ఇరుగుపొరుగు మర్యాద కదా అని పుచ్చుకుంది. పుచ్చుకుని, ప్రపంచంలో మొట్టమొదటిసారిగా, నన్ను కుట్టించింది.

తీరా కుట్టించింది దేనికంటే, రొట్టెకి!

టైలరు బెసలేలు నన్ను చదరంగా కత్తిరించి అంచులు మడిచాడు. మధ్యలో రిబ్కా టీచరు తన చేత్తో దానిమ్మపండు కుట్టింది. దానిమ్మపండు అని ఆమె అంటుంది. పిల్లలందరూ వంకాయ అంటారు. నేను పిల్లల పక్షం.

ఇక ఆ బడి సంగతి. మొదట్లో అది యూదుల పిల్లలకే. తర్వాత వీధి చివరివాళ్లు అడిగారు, ఆపైన పక్క పేటవాళ్లు అడిగారు. రిబ్కా టీచరు నోట "కాదు" అనే మాట రాదు. నేనున్న రోజుల్లో ఇరవై రెండు మంది పిల్లల్లో యూదులు తొమ్మిది మందే. కాలికి ఇనప కడ్డీల పట్టీ బిగించుకు నడిచే పిల్ల ఉంది, చెవులు సరిగ్గా వినపడని కవల పిల్లలున్నారు, ఎవరూ చేర్చుకోని పిల్లలు ఇంకొందరున్నారు. అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు. అందరూ ముక్కులు నాకే తుడుస్తారు.

శుక్రవారం సాయంత్రం ఇళ్లలో జరిగే తంతును వాళ్లు ఆ రోజు పొద్దున్నే బళ్లో చేస్తారు. బల్ల మీద రెండు దీపాలు పెడతారు. మొదట్లో నిజం కొవ్వొత్తులే పెట్టేవారు. కొవ్వొత్తి కనపడితే చాలు, ఎవరిదో పుట్టినరోజని పిల్లలు పాట పాడి ఊదేసేవాళ్లు. మూడు వారాలు పోరాడి టీచరు బ్యాటరీ దీపాలు తెచ్చింది. దీపాల పక్కన గిన్నెలో ఎండు ద్రాక్ష నానబెట్టి పిసికిన రసం. ఆ పక్కన వంటావిడ నయోమమ్మ మైదాతో మూడు పాయలుగా అల్లి కాల్చిన జడ రొట్టె. ముందు రసానికి దీవెన చెబుతారు, ఆ తర్వాతే రొట్టెకు. పక్కవాడికి ముందు మర్యాద జరుగుతుంటే తన వంతు కోసం చూస్తూ కూర్చున్న రొట్టె చిన్నబుచ్చుకుంటుందట. అందుకని అంతసేపూ దాని మీద నన్ను కప్పుతారు.

ప్రతి శుక్రవారం రిబ్కా టీచరు అడుగుతుంది: "రొట్టెను ఎందుకు కప్పుతాం?"

ఇరవై రెండు గొంతులూ పైకప్పు ఎగిరిపోయేలా అరుస్తాయి: "సిగ్గుపడకుండా!"

ఇరవై రెండు అన్నాను గానీ, నిజానికి ఇరవై ఒకటే. పూర్ణి అరవదు. అప్పటికి నాలుగున్నరేళ్లున్న పూర్ణి అసలు మాట్లాడదు. చాప మీద కూర్చోదు. గోడకు అరచెయ్యి ఆనించి, గది చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. పిలిస్తే తిరిగి చూడదు. గోలయితే చెవులు మూసుకుంటుంది. ఆ పిల్ల బళ్లో వేరే దేని జోలికీ పోదు, నా దగ్గరికి మాత్రం వస్తుంది. తంతు అయిపోగానే బల్ల దగ్గరికి వచ్చి, నా నాలుగో మూల నోట్లో పెట్టుకుని నములుతుంది. ఏడాది పొడుగునా నమిలింది. సర్ఫులో నానబెట్టినా ఆ మూల తెల్లబడలేదు. ఒకసారి ఎర్ర దారం సాంతం ఊడి వచ్చింది. బళ్లో ఇన్ని వస్తువులుండగా దీనికి నేనే దొరికానా అని నేను పడ్డ చిరాకు అంతా ఇంతా కాదు.

పూర్ణి వాళ్లమ్మ కోటేశ్వరి మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీసే పనికి పోతుంది. సాయంత్రం బిడ్డ కోసం వచ్చినప్పుడు వాకిట్లోనే నిలబడుతుంది, తన చేతుల ఘాటుకు పిల్లలు తుమ్ముతారని. "ఇయ్యాల కూకుందా టీచరుగారూ?" అని అడుగుతుంది. "రేపు కూర్చుంటుందిలేమ్మా" అంటుంది టీచరు. ఏడాదిగా వాళ్లిద్దరి మధ్యా మాటలు ఇవే.

ఇలాంటి పిల్లల కోసం వారానికి రెండు రోజులు ప్రత్యేకమైన టీచరును పంపే సంస్థ ఒకటుంది. ఏడాదికోసారి వాళ్ల తరఫున వసుంధర మేడమ్ వస్తుంది. ఏ పిల్లకు ఈ బడి పనికొస్తోందో, ఏ పిల్లను పట్నంలో హాస్టలున్న ప్రత్యేక బడికి పంపాలో ఆమె రాసే కాగితాన్ని బట్టే తేలుతుంది. హాస్టలంటే బిడ్డ నెలకోసారి కనపడుతుంది. ఈ సంగతి కోటేశ్వరికి తెలుసు. ఆ శుక్రవారం ఆమె పని మానేసి, ఉతికిన చీర కట్టుకుని, బిడ్డ తలకు నూనె పెట్టి జడలు వేసి తీసుకొచ్చింది. పిల్లల కుర్చీలో ముడుచుకుని కూర్చుంది.

వసుంధర మేడమ్ చెడ్డ మనిషి కాదు. మెత్తగా మాట్లాడుతుంది. పన్నెండింటి బస్సు అందుకోవాలన్న తొందరలో ఉంది, అంతే. అప్పటికే దీపాలు పెట్టారు, రసం పోశారు, రొట్టె మీద నన్ను కప్పారు. పిల్లలు చాప మీద సర్దుకున్నారు. పూర్ణి గోడ వెంట తిరుగుతోంది.

"మీ పూజ మొదలుపెట్టే లోపు నా కాగితం పూర్తి చేసేద్దాం. లోపల గదిలో కూర్చుందామా?" అంది మేడమ్.

ఇదిగో, ఇక్కడే రిబ్కా టీచరు ఘనకార్యం చేసింది. ఆమెకు తన బడంటే గర్వం. మనిషికీ మనిషికీ మధ్య తలుపులు వేయడం ఆమెకు నచ్చదు. "ఇక్కడే చదవండి మేడమ్. మా బళ్లో దాపరికాలు లేవు. తల్లి కూడా అన్నీ వినాలి" అంది.

మేడమ్ చదివింది. ఒక్కో ప్రశ్నా చదివి, జవాబు తనే చెబుతూ కాగితం మీద టిక్కు పెట్టింది.

"పేరు పెట్టి పిలిస్తే పలుకుతుందా? లేదు."

"ఇంటికాడ పలుకుద్దండీ" అంది కోటేశ్వరి. "అంటే... ఒక్కోసారి."

"తోటి పిల్లలతో ఆడుతుందా? లేదు. చెప్పిన కథ అర్థం చేసుకుంటుందా? లేదు."

కోటేశ్వరి తల కాస్త వంగింది. చాప మీది పిల్లలు మెడలు తిప్పి ఆమెనే చూస్తున్నారు. నయోమమ్మ గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది.

"ఎదుటివాళ్ల బాధ గమనిస్తుందా? లేదు. గర్భంతో ఉన్నప్పుడు మందులు సరిగ్గా వేసుకున్నావా అమ్మా?"

కోటేశ్వరి గడ్డం గుండెకు ఆనుకుంది. పిల్లల కుర్చీలో ఆ మనిషి ఇంకా చిన్నదైపోయింది.

నాకు ఒళ్లు మండిపోయింది. మీరే చెప్పండి. మైదా పిండి ముద్ద నొచ్చుకుంటుందని దాని మీద గుడ్డ కప్పిన మనుషులు వీళ్లు! వారం వారం ఆ కథ పిల్లలకు నూరిపోసిన మనుషులు! బతికున్న తల్లిని నలుగురి ముందూ కూర్చోబెట్టి, ఆమె బిడ్డకు ఏమేం రావో లెక్కపెడుతున్నారు. పైగా మర్యాద చేస్తున్నామనుకుంటున్నారు. కప్పాల్సిన చోటు నాకు నాలుగడుగుల దూరంలో ఉంది. నేనేమో రొట్టె మీద పడి ఉన్నాను. గుడ్డకు కాళ్లుండవు.

అప్పుడు నా నాలుగో మూల ఎవరో పట్టి లాగారు.

"పూర్ణీ, వద్దమ్మా! ఇంకా కాలేదు!" అంది రిబ్కా టీచరు. పూర్ణి వినలేదు. నన్ను రొట్టె మీద నుంచి సాంతం లాగేసింది. నోట్లో పెట్టుకుంటుందని నేను బిగుసుకున్నాను. పెట్టుకోలేదు. నన్ను రెండు చేతుల్లో ఎత్తి పట్టుకుని, గోడ వైపు కాకుండా, గది మధ్యలోంచి, చాప మీద కూర్చున్న పిల్లల కాళ్లు దాటుకుంటూ నడిచింది. కుర్చీలో తల వంచుకున్న వాళ్లమ్మ దగ్గర ఆగింది. నన్ను ఆమె తల మీద కప్పింది. ఆ పైన రిబ్కా టీచరు ప్రతి శుక్రవారం చేసినట్టే నాలుగు మూలలూ ఒకదాని తర్వాత ఒకటి లాగి సరిచేసింది. ఎర్ర దారం ఊడిన మూలను ఇంకాస్త కిందికి లాగింది. తర్వాత పక్కన నిలబడింది.

రిబ్కా టీచరు అలవాటు కొద్దీ నోటికొచ్చిన మాటే అడిగింది: "ఎందుకు... ఎందుకు కప్పావమ్మా?"

చాప మీది పిల్లలకు అది తెలిసిన ప్రశ్నే. ఇరవై ఒక్క గొంతులూ ఒక్కసారిగా అరిచాయి: "సిగ్గుపడకుండా!"

పూర్ణి చెవులు మూసుకుంది. కానీ అక్కడి నుంచి కదలలేదు.

రిబ్కా టీచరు బల్ల పట్టుకుని కూర్చుండిపోయింది. "దాపరికం లేకపోటమంటే ఇదేనా అమ్మా?" అంది గుమ్మంలోంచి నయోమమ్మ. నా కింద కోటేశ్వరి ఏడుస్తోంది. నాతోనే కళ్లు తుడుచుకుంది. ఎంత కడిగినా పోని మిరప ఘాటు ఆమె వేళ్ల నుంచి నాకు అంటి, నా నుంచి ఆమె కళ్లలోకి పోయి, ఇంకా నీళ్లు కారాయి. నన్ను తీసేద్దామని నయోమమ్మ చెయ్యి చాపితే, "ఉండనీ అక్కా" అంది కోటేశ్వరి నా కింద నుంచే.

వసుంధర మేడమ్ కాగితం మళ్లీ దగ్గరికి లాక్కుంది. పెట్టిన టిక్కుల్లో రెండింటిని గీత గీసి కొట్టేసింది. "ఇప్పుడు చూసింది రాయడానికి ఇందులో చోటు లేదండీ" అంది. కాగితం తిరగేసి, వెనకవైపు తెల్లగా ఉన్న చోట రాయడం మొదలుపెట్టింది. ఆమె రాస్తుండగానే పన్నెండింటి బస్సు హారను కొట్టుకుంటూ వెళ్లిపోయింది. కాగితం నాకు కనపడలేదు. హాస్టలు మాట మాత్రం మళ్లీ ఎవరి నోటా రాలేదు. మరుసటి ఏడాది ఆ ప్రశ్నలు లోపలి గదిలో, తలుపు వేసి, తల్లితో ఒక్కదానితోనే అడిగారని తర్వాత విన్నాను.

ఆ రోజు రసానికి దీవెన చెబుతున్నంతసేపూ రొట్టె బోసిగానే ఉంది. నయోమమ్మ పూసిన బెల్లం పాకానికి నిగనిగలాడుతూ హాయిగా కూర్చుంది. అది సిగ్గుపడిన దాఖలాలేవీ నాకు కనపడలేదు. ఇన్నాళ్లూ దీని కోసమా నేను ఇన్ని ముక్కులు భరించింది!

ఇంటికి వెళ్లేటప్పుడు కోటేశ్వరి నన్ను మడిచి తిరిగి ఇవ్వబోయింది. పూర్ణి నా మూల వదల్లేదు. "ఉంచుకో కోటేశ్వరీ. రొట్టెకి ఇంకోటి కుట్టుకుంటాంలే" అంది రిబ్కా టీచరు, ఆమె కళ్లలోకి చూడలేక. అలా తొమ్మిదో చేతికి వచ్చాను.

ఇది జరిగి ఐదేళ్లయింది. పూర్ణికి ఇప్పుడు ఆరేడు మాటలు వచ్చు. అందులో నా పేరు లేదు, నాకు పట్టింపూ లేదు. నేను కోటేశ్వరి రేకు పెట్టెలో, మిగతా జాకెట్టు ముక్కలతో పాటు ఉంటాను. పగలు పూర్ణి చేతిలో, రాత్రి పెట్టెలో. నా దానిమ్మపండు వెలిసిపోయి, ఇప్పుడు వంకాయ కూడా కాదు.

మొన్న శ్రావణ శుక్రవారం పేరంటానికి ఎదురింటావిడ పొద్దుపోయాక వచ్చింది. బొట్టు పెట్టి, జాకెట్టు ముక్క కోసం కోటేశ్వరి పెట్టె తెరిచింది. అందులో అన్నిటికన్నా పైన నేనే ఉన్నాను. పాత భయం నన్ను మళ్లీ పట్టుకుంది. ఎదురింటావిడ తొంగి చూసి, నన్ను కాస్త పైకి లాగి, "అబ్బ, అంచు ఎంత బాగుందే! పాతదైనా పరవాలేదు, ఇదియ్యి" అంది.

కోటేశ్వరి నన్ను ఆవిడ చేతిలోంచి తీసుకుంది. కింద నుంచి కొత్త పచ్చ ముక్క ఒకటి లాగి ఆవిడకిచ్చింది.

"అది ఇచ్చేది కాదొదినా" అంది. "అది మాది."

ఇన్ని చేతులు మారాను గానీ, నా గురించి ఎవరైనా ఆ మాట అనడం అదే మొదటిసారి. కాస్త తీరుబడిగా ఆనందపడదామనుకున్నాను. ఈలోగా పూర్ణి వచ్చి, నా నాలుగో మూల మళ్లీ నోట్లో పెట్టుకుంది.

నమలనీ.